ఆ చెట్టు మీది బదనిక

నాన్న చెత్తకుప్ప దగ్గర నుంచి లేవలేదు.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులని చర్చిలో కూడా కుర్చీ వేయించుకునే మనిషి. అలాంటివాడు మామిడి రెమ్మల కుప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో కొమ్మా తీసి పక్కన పడేస్తున్నాడు. కుప్ప అవతలి కొస అప్పటికే అంటుకుంది. పొగ కళ్ళలోకి కొడుతుంటే తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. చేతులు కాలతాయి, లేవండి అని మూడుసార్లు చెప్పాను. వినిపించుకుంటే కదా.

మా తమ్ముడు మార్టిన్ నాలుగడుగుల దూరంలో కొయ్యబారి నిలబడ్డాడు. చేతిలో కొడవలి అలాగే ఉంది. దాని మొనకి నీలం మందు అంటుకుని ఉంది.

"బదనిక అనుకున్నాను నాన్నా," అన్నాడు. ఆ మాట అనడం అది ఐదోసారి.

"మామిడి తోటలో పుట్టి పెరిగావు కదరా. బదనిక ఏదో, ఇదేదో తెలియదా నీకు?" నాన్న వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"దాని వేళ్ళు మాను మీద పాకి ఉన్నాయి. పట్టి లాగితే బెరడుతో సహా ఊడొచ్చింది. నేనేం అనుకోవాలి?"

"అనుకోకూడదు. అడగాలి. ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, ఎవరో ఒకర్ని అడగాలి."

మార్టిన్ తల దించుకున్నాడు. వాడి తప్పని నేననను. మా ఇంట్లో ఎవరైనా ఎవరినైనా ఏదైనా అడిగి ఏడాది కావస్తోంది.

లోపల గదిలోంచి బీరువా తలుపు చప్పుడు వినబడింది. తరవాత సూట్‌కేసు జిప్పు. మా మరదలు, మార్టిన్ భార్య రేచల్ సర్దుకుంటోంది. వాళ్ళన్నయ్య దేవదానం చింతలపూడిలో కారు తీశాడట. గంటంపావులో మా గేటు ముందుంటాడు.

బదనిక అంటే మామిడి రైతుకి పామంత అసహ్యం. పిట్ట రెట్టతో వచ్చి కొమ్మ మీద మొలుస్తుంది. చెట్టు రసం తాగి తాను పచ్చగా ఉంటుంది. ఊరుకుంటే రెండేళ్ళలో ఆ కొమ్మ ఎండిపోతుంది. మా ముసునూరు వైపు పిల్లలకి అక్షరాలు రాకపోయినా బదనికని గుర్తుపట్టడం వస్తుంది. అది కంటబడితే ఎవరి చెయ్యీ ఆగదు. పీకేసి, ఆ చోట మైలుతుత్తం, సున్నం కలిపిన నీలం ముద్ద పూసేదాకా నిద్రపట్టదు.

మార్టిన్ చేసిందీ అదే. అయితే వాడు పీకేసింది బదనిక కాదు. రేచల్ ఆర్కిడ్ మొక్క. చావు అంచుల దాకా వెళ్ళి, ఏడు నెలలు ఆ పిల్ల చేతుల్లో బతికి, పది రోజుల కిందటే పూల కాడ తొడిగిన మొక్క.

రేచల్ కాపురానికి వచ్చినప్పుడు పద్నాలుగు ఆర్కిడ్ కుండీలు వెంట తెచ్చుకుంది. వాటిలో చిటికెడు మట్టి లేదు. బొగ్గులు, పెంకు ముక్కలు, కొబ్బరి పీచు. ఇదేం సేద్యమమ్మా అని నేనే నవ్వాను. ఒకసారి తెలియక ఆ బొగ్గులు తీసి కుంపట్లో వేశాను కూడా. పాపం, ఏమీ అనలేదు. మర్నాడు కుండీల మీద 'వదినా, ఇవి వంటకి కాదు' అని చీటీ అంటించింది. వెనక వసారా నిండా ఊదా, తెలుపు, పసుపు పూలు. అమ్మ పోయిన తరవాత ఆ ఇంట్లో ఎవరైనా పాట పాడారంటే, అది రేచల్ ఆ మొక్కలకి నీళ్ళు చల్లుతూ పాడిందే.

కిందటేడు సెప్టెంబరు వానల్లో వాళ్ళకి పాప పుట్టింది. ఆరో రోజున పోయింది.

రేచల్ ఆపరేషన్ కుట్లతో, జ్వరంతో ఆసుపత్రి మంచం మీద ఉంది. బాలింతకి చూపించొద్దన్నారు పెద్దలు. పాలు పడిన తల్లి తట్టుకోలేదన్నారు. ఆ పెద్దల్లో నేనూ ఉన్నాను. నాన్న, మార్టిన్, నేను, ముగ్గురమే పాపని తీసుకొచ్చాం. వాగు పొంగి సమాధుల తోటకి దారి మునిగిపోయింది. చీకటి పడేలోపు ఎక్కడో ఒకచోట పెట్టాలి. మోటారు షెడ్డు పక్కన అమ్మ నాటిన చిన్నరసం మామిడి చెట్టు ఉంది. దాని కింద పెట్టాం. పాస్టరు గారు రాలేక ఫోనులో ప్రార్థన చేశారు. మార్టిన్ గొడుగు పట్టుకోకుండా ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

వానలు తగ్గాక తీసి సమాధుల తోటలో పెడదామనుకున్నాం. తరవాత ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక రేచల్ ఒకే ఒక ప్రశ్న అడిగింది, అదీ నన్ను. "అత్తయ్యగారి సమాధి పక్కనే పెట్టారా వదినా?"

"అవునమ్మా," అన్నాను.

ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకి నిజం చెప్పమని పాఠం చెబుతున్న పంతులమ్మని నేను. కృపావతి టీచరు అబద్ధమాడదని ఊళ్ళో పేరు. ఆడితే ఇలాంటిది ఆడాలి మరి. ఆ పూటకి ఆ పిల్ల కాస్త నిద్రపోతే చాలనిపించింది. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు ఏడాది వెనక ఉండిపోయింది. నాన్న, తమ్ముడు నా అబద్ధం విన్నారు. ఇద్దరూ కాదనలేదు. అలా ముగ్గురి నోళ్ళకీ ఒకే తాళం పడింది.

ఆ తరవాత రేచల్ వసారా వైపు వెళ్ళలేదు. ఆర్కిడ్‌లకి నీళ్ళు పోసేవాళ్ళు లేరు. ఆకులు ముడతలు పడ్డాయి. వేళ్ళు నొక్కితే లోపల ఏమీ లేదు, దారం లాంటి నార తప్ప. జనవరిలో ఒకనాడు మార్టిన్ ఆ కుండీల మధ్య నిలబడి, చచ్చిన మొక్కలు ఇంట్లో ఎందుకు, అవతల పారేయండి అన్నాడు. వాడు చూడలేక అన్నాడు. గదిలో ఉన్న రేచల్ ఆ మాట పాప గురించి అన్నట్టుగా విన్నది. ఆ రోజు నుంచి మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు. వాడు మోటారు షెడ్డులో మంచం వేసుకున్నాడు.

పారేయమన్న మొక్కల్ని నాన్న తన గది వెనక సందులోకి చేరవేశాడు. మామిడి రైతు కదా, ఎండిన మొక్కని చూస్తే ఏం చేస్తాడు? ఎర్రమట్టి, పశువుల ఎరువు దట్టించి బిందెడు నీళ్ళు పోశాడు. వారంలో ఐదు కుళ్ళిపోయాయి. అప్పుడు ఒక కుళ్ళిన వేరు అరచేతిలో పెట్టుకుని రేచల్ గదికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఇదెందుకిలా అయింది? నేనేం తప్పు చేశాను?"

ఎలా ఉందమ్మా ఒంట్లో, అన్నం తిన్నావా, ప్రార్థన చేసుకున్నావా అని అడిగినవాళ్ళే గానీ, తమ తప్పేంటో చెప్పమని ఆ పిల్లని అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. ఆమె మంచం దిగి వచ్చింది. మట్టంతా దులిపించింది. బ్లేడు మంటలో కాల్చి కుళ్ళిన వేళ్ళు కోసేసింది. కోసిన చోట దాల్చిన చెక్క పొడి అద్దింది. పొద్దున్నే ఇరవై నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, తీసి ఆరబెట్టి, మళ్ళీ మర్నాడు. పద్నాలుగింటిలో మూడు మిగిలాయి. మార్టిన్‌కి చెప్పొద్దని నాన్న చేత మాట తీసుకుంది. ఆయనకి చచ్చినవి ఇంట్లో ఉంటే గిట్టదు అంది.

ఆ మూడింటిలో పెద్దదానికి వేళ్ళు గాల్లో వేలాడాలి, దేన్నైనా పట్టుకుని పాకాలి. జూన్ వానలకి దాన్ని చెట్టుకి కడదామంది రేచల్. వంటింటి వెనక జామచెట్టుకి కడదామంటే నాన్న వద్దన్నాడు. మోటారు షెడ్డు పక్కన చిన్నరసమైతే నీడ బావుంటుందని పట్టుబట్టాడు. మార్టిన్ మామిడి అంట్లు కట్టడానికి బాపులపాడు నర్సరీకి వెళ్ళిన రోజు చూసి ఇద్దరూ మాను వెనకవైపు గోనె పీలికతో కట్టారు. పాప మీద ఏదో ఒక పువ్వు పూయాలని ఆ ముసలాయన ఆశ. నాకు అర్థమైంది. నేను నోరెత్తలేదు.

మార్టిన్ పనికి వెళ్ళాక రేచల్ రోజూ వెళ్ళి దానికి నీళ్ళు చల్లేది. రెండు నెలల్లో గోనె పీలిక నాచు పట్టి మానులో కలిసిపోయింది. తెల్లటి వేళ్ళు బెరడు మీద జానెడు పాకాయి. పది రోజుల కిందట కాడ తొడిగింది. రేచల్ పరుగెత్తుకుంటూ వంటింట్లోకి వచ్చింది. ఆ పిల్ల ముఖంలో అంత వెలుతురు చూసి ఏడాదైంది.

"వదినా, లెక్కేశాను. నవంబరు రెండుకి విచ్చుకుంటాయి. సమాధుల పండగకి పాప దగ్గరికి తీసుకెళ్దాం. కిందటేడు నేను లేవలేకపోయాను. ఈసారి మీరే నాకు చోటు చూపించాలి."

చూపిస్తానన్నాను. ఏం చూపిస్తాను? ఆ రోజు అందరూ సమాధులకి సున్నాలు వేసి, బంతిపూలు పేర్చి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అమ్మ సమాధి పక్కన గడ్డి తప్ప ఏమీ లేదు. అప్పటి నుంచీ ఆ కాడ అంగుళం పెరిగితే నా గుండెలో రాయి అంగుళం పెరిగింది.

ఇంకోటి చెప్పాలి. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఈ ఉదయం నేను వంటింటి కిటికీలోంచి మార్టిన్‌ని చూశాను. కొడవలి పట్టుకుని ఆ చెట్టు వెనక్కి వెళ్ళాడు. వంగి చూశాడు. చెయ్యి వేశాడు. ఆగరా అని ఒక్క కేక వేస్తే చాలు, పదిహేను గజాల దూరం. నోరు తెరిచాను. కేక రాలేదు. ఆ మొక్క లేకపోతే నవంబరు రెండు లేదు కదా అన్న ఆలోచన ఒకటి, ప్రభువు క్షమించాలి, నా గొంతుకి అడ్డం పడింది. అర నిమిషం. మొక్క ఊడిపోవడానికి అంతకంటే ఎక్కువ పట్టలేదు.

"దొరికింది," అన్నాడు నాన్న.

కుప్ప అడుగు నుంచి తీశాడు. మూడు ఆకులు మిగిలాయి. వేళ్ళు రెండు సగానికి తెగాయి, ఒకటి నలిగింది. పూల కాడ విరిగి తోలు మీద వేలాడుతోంది. నాన్న దాన్ని తువ్వాలులో పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఎవరికివ్వాలో ఆయనకీ తెలియలేదు. చివరికి మార్టిన్ చేతిలో పెట్టి, బోరింగు దగ్గరికి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

నేను రేచల్ గదిలోకి వెళ్ళాను. చీరలు మడతపెట్టి సూట్‌కేసులో ఒక పక్కన సర్దింది. రెండో పక్కన ఊలు టోపీ, నాలుగు చిన్న చొక్కాలు ఉన్నాయి. అవి పెట్టుకున్నదంటే తిరిగి వచ్చే ప్రయాణం కాదు.

మొక్క దొరికిందని చెప్పాను. తలూపింది. వాడికి తెలియదమ్మా, తెలిసి చేసింది కాదని చెప్పాను. దానికీ తలూపింది. ఒక మొక్క కోసం కాపురం వదులుకుంటారా అన్నాను. పంతులమ్మ బుద్ధి, ఉపదేశం లేకుండా నోరు ఊరుకోదు.

"మొక్క కోసం కాదు వదినా," అంది రేచల్. గొంతు పెంచలేదు. "మీ తమ్ముడికి ఏది కనిపించినా తీసి అవతల పెట్టడమే. నన్ను ఒక్క మాట అడగరు. పాపనీ అలాగే తీసుకెళ్ళారు. ఒక్కసారి చూపించి తీసుకెళ్తే ఏం పోయేది?"

ఊలు టోపీ తీసి చొక్కాల కింద పెట్టింది.

"దాని ముఖం మర్చిపోతున్నాను. ఐదు రోజులేగా చూసింది. ఆ పూలు పూస్తే అక్కడ పెట్టి కాసేపు కూర్చుందామనుకున్నాను. నాకు కావలసింది అంతే. అది కూడా ఉంచలేదు ఈ ఇల్లు."

చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్ అని లోపల ఏదో కొట్టుకుంది. నేనేం చేశానో తెలుసా? మంచం మీద దుప్పటి సరిచేశాను.

దేవదానం చెప్పిన వేళకే వచ్చాడు. చింతలపూడిలో ఎరువుల కొట్టు అతనిది. నెమ్మదస్తుడు. కాఫీ తాగుతూ నాన్నతో, తప్పుగా అనుకోకండి మావయ్యగారూ, కొన్నాళ్ళు అమ్మ దగ్గర ఉంటే మనసు కుదుటపడుతుంది అన్నాడు. కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళని నాన్న అడగలేదు. అతనూ చెప్పలేదు. సూట్‌కేసు కారు డిక్కీలో పెట్టాడు. రేచల్ గదిలోంచి వసారాలోకి వచ్చింది.

మార్టిన్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముందు కొబ్బరి డొక్క ఒకటి, అంటు కట్టే కత్తి, ప్లాస్టిక్ టేపు. మొక్కని డొక్క మీద ఆనించి, మామిడి అంటుకి చుట్టినట్టే బిగించి చుడుతున్నాడు. చుట్టుపక్కల నర్సరీలన్నీ పిలిచి కట్టించుకునే చేతులవి. వెయ్యి కడితే తొమ్మిది వందల యాభై బతుకుతాయంటారు.

రేచల్ అతన్ని దాటి ఒక మెట్టు దిగింది. ఆగింది.

"అలా చుట్టకండి. అది అంటు కాదు. వేరుకి గాలి తగలాలి."

ఎనిమిది నెలల తరవాత మొగుడితో ఆడిన మొదటి మాట అది. మార్టిన్ చెయ్యి ఆగిపోయింది.

"ఎలా కట్టాలి?" అన్నాడు. "నాకు తెలియదు. చెప్పు."

రేచల్ వెనక్కి తిరిగింది. హ్యాండ్‌బ్యాగు కింద పెట్టి, మెట్టు మీద అతనికి కాస్త ఎడంగా కూర్చుంది. టేపు మొత్తం విప్పేసింది. అగ్గిపెట్టె అడిగితే తెచ్చిచ్చాను. కత్తి కాల్చి, నలిగిన వేరు కోసింది. విరిగిన కాడని ఒక క్షణం పట్టుకుని చూసింది. దాన్నీ కోసి పక్కన పెట్టింది. దాల్చిన చెక్క పొడి తెమ్మనకుండానే తెచ్చాను.

"బతుకుతుందా?" అన్నాడు మార్టిన్.

"ఏమో. ఈ ఏడు మాత్రం పూయదు."

దేవదానం గేటు దగ్గర గడియారం చూసుకున్నాడు. ఎండ ఎక్కకముందే బయల్దేరితే మంచిదని నెమ్మదిగా అన్నాడు. రేచల్ వస్తున్నానంది.

"నేను మళ్ళీ ఆ చెట్టుకే కడతాను," అన్నాడు మార్టిన్. "నువ్వు చెప్పినట్టే కడతాను."

"ఆ మాను నిండా మైలుతుత్తం పూశారు. అది తగిలితే రెండు రోజుల్లో చస్తుంది. జామచెట్టుకి కట్టండి."

"జామకి వద్దు."

అదే క్షణంలో నాన్న కూడా కుర్చీలోంచి, "జామకి వద్దమ్మా," అన్నాడు.

ఇద్దరూ ఒకేసారి అన్నారు. అని, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా చెరో పక్కకి చూశారు. బుర్ర తక్కువ మగాళ్ళు. ఏడాదిపాటు దాచిన మాట ముఖాల మీద రాసుకుని కూర్చున్నారు.

రేచల్ చేతిలో మొక్క అలాగే ఉంది. ముందు మామగారి వైపు చూసింది. తరవాత మొగుడి వైపు.

"మావయ్యగారూ, జూన్‌లోనూ మీరు ఇలాగే వద్దన్నారు. నీడ అన్నారు. జామకీ నీడ ఉంది."

నాన్న తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"తోటలో రెండువందల పైన చెట్లున్నాయి," అంది మార్టిన్‌తో. "నిన్న సాయంత్రం నడిచి చూశాను. ప్రతి నాలుగో చెట్టుకీ బదనిక ఉంది. మీరు దేన్నీ ముట్టుకోలేదు. ఆ ఒక్క చెట్టుకే వెళ్ళి వెనకవైపు కూడా వెతికి తీశారు. మందు పూశారు. ఆ చెట్టు పాదులో ఒక్క గడ్డిపరక ఉండదు, ఎవరు తీస్తున్నారు?"

"నేనే," అన్నాడు మార్టిన్. వినబడీ వినబడనట్టు అన్నాడు.

"ఎందుకు?"

వాడు నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆ నోరు తెరవడం, రాకపోవడం నాకు బాగా తెలుసు. పొద్దున కిటికీ దగ్గర నాకూ అంతే అయింది.

రేచల్ నా వైపు తిరిగింది. "వదినా, మీరు చెప్పండి. పాపని అత్తయ్యగారి పక్కనే పెట్టారా?"

ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, అడగాలి అన్నాడు నాన్న. ఇదిగో, అడిగింది.

"లేదమ్మా," అన్నాను. "వాగు పొంగింది. దారి లేదు. ఆ చెట్టు కింద పెట్టాం. నీకు అబద్ధం చెప్పింది నేనే. వీళ్ళిద్దరూ కాదు, నేను."

అంతా చెప్పేశాను. వాన, ఫోనులో ప్రార్థన, మార్టిన్ తడిసి మూడు రోజులు జ్వరపడడం, తీసి మార్చుదామనుకుని మార్చలేకపోవడం. పొద్దున కిటికీలోంచి చూసి కేక వేయని సంగతి కూడా చెప్పాను. అది చెప్పినప్పుడు మార్టిన్ తలెత్తి నన్ను చూశాడు. అక్క ముఖం అంతకుముందు ఎప్పుడూ చూడనట్టు చూశాడు. చూడనీ.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బావుండుననుకున్నాను. రేచల్ లేచి, మొక్కని నా చేతిలో పెట్టి, మెట్లు దిగి మోటారు షెడ్డు వైపు నడిచింది. మార్టిన్ వెనకే వెళ్ళాడు. నాన్న వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

చిన్నరసం చెట్టు మాను మీద జానెడు వెడల్పున నీలం పూత ఇంకా ఆరలేదు. దాని కింద పాదు నున్నగా, శుభ్రంగా ఉంది. రేచల్ పాదు గట్టు దగ్గర ఆగిపోయింది. తన కాళ్ళ వైపు చూసుకుంది.

"మూడు నెలలు," అంది. "రోజూ ఇక్కడే నిలబడి నీళ్ళు చల్లాను. సరిగ్గా ఇక్కడే. చెప్పులేసుకుని."

చెప్పులు విడిచి చేత్తో తీసి దూరంగా పెట్టింది. నాన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నా కాళ్ళకి చెప్పులున్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది.

రేచల్ పాదులో కూర్చుంది.

"తల ఎటు పెట్టారు?"

మార్టిన్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అరచేయి మట్టి మీద ఆనించి, ఇక్కడ అని చూపించాడు. మానుకి బెత్తెడు ఇవతల. పెద్ద వేరు తగిలితే పక్కకి జరిపి తవ్వానని, పాప తల కింద తన కండువా మడిచి పెట్టానని చెబుతూ చెబుతూ వాడు ఏడ్చాడు. ఏడాదిగా ఏడవనిదంతా ఏడ్చాడు. రేచల్ వాడిని ఓదార్చలేదు. వాడి చెయ్యి తీసేసి, ఆ చోట తన చెయ్యి పెట్టుకుంది.

"ముఖం ఎలా ఉంది?" అని అడిగింది.

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. అది వాళ్ళిద్దరి మాట. నేను నాలుగడుగులు వెనక్కి వచ్చాను.

గేటు దగ్గర నుంచి దేవదానం పిలిచాడు. సూట్‌కేసు దింపమంటావా అమ్మా, ఉంచమంటావా అని అడిగాడు. రేచల్ తల తిప్పలేదు.

"ఉండనీ అన్నయ్యా, కారులోనే ఉండనీ. నాకింకా అడగాల్సినవి ఉన్నాయి."

ఎండ చెట్టు కొసల దాకా వచ్చింది. నా చేతిలో మూడాకుల మొక్క ఉంది. తెగిన వేళ్ళు ఆరిపోతున్నాయి, అరచేతికి తెలుస్తోంది. ఇప్పుడు నానబెట్టాలా, కోసిన చోటు ఆరేదాకా ఆగాలా, నాకు తెలియదు. తెలిసిన మనిషి అక్కడ మట్టి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. నా ముఖం చూస్తుందో లేదో తెలియదు.

చెప్పులు విడిచాను. పాదు గట్టు దాకా వెళ్ళాను.

"రేచల్, దీన్ని ఇప్పుడేం చెయ్యమంటావు?" అని అడిగాను.